అభిప్రాయాల పుస్తకంలో పెన్సిలు రాత

ఆ లైబ్రరీలో ఒక మంచి అలవాటు ఉండేది. నెలకొకరు చొప్పున ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళను పిలిచి, మేడమీద గది గోడలు వాళ్ళకు అప్పగించేవారు. ఒకప్పుడు అది పాత వారపత్రికల కట్టలు పడేసే గది. ఎవరో పూనుకుని ఆ కట్టల్ని ఒక మూలకు నెట్టించి, గోడలకు తెల్లరంగు వేయించి, పైన ఇనప కడ్డీ బిగించారు. బొమ్మల్ని ఆ కడ్డీకి తీగలతో వేలాడదీయాలి, మేకులు కొట్టకూడదు. గుమ్మం పక్కన చిన్న బల్ల, బల్ల మీద అభిప్రాయాల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. దారం లేకుండా పెడితే ఏదీ నిలవదని లైబ్రేరియన్ గారి అనుభవం.

ఆ వానాకాలంలో ట్రేసరమ్మ వంతు వచ్చింది.

ఆమెకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ వాడినవాళ్ళు లేరు. సర్వే ఆఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పటాలకు నకళ్ళు తీసిన మనిషి. పల్చటి ట్రేసింగ్ గుడ్డను పటం మీద పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ పైకి దించడం ఆమె పని. సొంతంగా ఒక్క గీత గీయడానికి వీల్లేదు. ఎక్కడైనా తప్పు దొర్లితే పైనుంచి పెన్సిలుతో రాసిన చీటీ వచ్చేది. ఇక్కడ కాలువ మరిచారు, ఆ గట్టు ఇటు జరపండి అని. చీటీ రాసింది ఎవరు, ఎందుకు రాశారు అని ట్రేసరు అడగదు. సరిదిద్ది, చీటీ చింపి బుట్టలో వేస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి మాత్రం రిటైర్ అయితే పోతుందా?

ఆమె తెచ్చినవి ఏడు బొమ్మలు. ఏడూ ఆమె ఇంటివే. ముందుగది, నడవ, వంటగది, మెట్ల మలుపు, పెరటి కిటికీ, అద్దాల బీరువా, పడకగది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఈవిడ ఏకంగా ఇంటినే మోసుకొచ్చిందేమిటని లైబ్రేరియన్ గారు నవ్వారు. నవ్వినా, తర్వాత చాలాసేపు వాటి ముందు నిలబడ్డారు. ఏ బొమ్మలోనూ మనిషి లేడు. గోడ బీటలు, తలుపు చెక్కలో ముడులు, నేల మీద పడిన ఎండ, అన్నీ స్కేలు పెట్టి కొలిచి వేసినట్టున్నాయి. నిజంగా కొలిచే వేసింది.

ఆ ఇంట్లో ఆమె, ఆమె అక్క కలిసి ఉండేవారు. ఇద్దరూ పెళ్ళి జోలికి పోలేదు. మూడేళ్ళ కిందట అక్క పోయింది. ఆనాటి నుంచి ఆ గడప తొక్కిన చుట్టం లేడు, పక్కం లేడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రోజంతా జరిగింది పూసగుచ్చినట్టు అక్కకు చెప్పడం ట్రేసరమ్మ అలవాటు. అక్క పోయాక చెప్పాల్సినవి చాలానే మిగిలిపోయాయి. ఇంటికి మనిషి రాకపోతే ఇంటినే మనుషుల దగ్గరికి తీసుకుపోదామనుకుంది. ఎవరైనా ఒక్కరు ఆ గదుల్లోకి తొంగిచూసి, ఇక్కడ మనుషులు బతికారు అనుకుంటే చాలు. ఆమెకు కావలసింది అంతే.

ఆ ఒక్కరు రాలేదు. రోజూ నాలుగింటికి వచ్చి, మడత కుర్చీ వేసుకుని, లైబ్రరీ మూసే ఏడింటి దాకా ఆ గదిలో కూర్చునేది. కింద పేపర్లు తిరగేసే చప్పుడు, ఎవరో దగ్గడం, ఫ్యాను గరగర. మొదటిరోజు లైబ్రేరియన్ గారు వచ్చి పుస్తకంలో 'బాగున్నాయి' అని రాసి సంతకం పెట్టారు. రెండోరోజు ఒక పెద్దమనిషి మెట్లెక్కి వస్తే ఆమె గబుక్కున లేచి నిలబడింది. ఆయన వెతుకుతున్నది బాత్రూము. దారి చూపించింది. మూడోరోజు ఊడ్చే మనిషి తప్ప ఎవరూ రాలేదు. ఆమె కూడా నేలనే చూసుకుంటూ ఊడ్చుకుని పోయింది.

నాలుగోరోజు పుస్తకంలో రెండు వాక్యాలు కనబడ్డాయి. పెన్సిలుతో, సన్నగా, నిటారుగా.

'వంటగది చాలా బాగుంది. కిటికీ కింద ఉండే పొట్టి పీట మరిచిపోయారు.'

ట్రేసరమ్మ ఆ వాక్యాలను చాలాసార్లు చదువుకుంది. పీట నిజంగా ఉండేది. దాని మీద కూర్చునే అక్క కూరగాయలు తరిగేది. అక్క పోయాక చూడలేక దాన్ని అటక మీద పెట్టేసింది. కిటికీ కింద పీట ఉండేదని ఎవరికి తెలుసు? అక్కకు తెలుసు, తనకు తెలుసు. ఆమెకు భయం వేసి ఉంటే ఎంత బాగుండేది. భయం వేయలేదు, ఏడుపొచ్చింది. మూడేళ్ళుగా తలుపు దగ్గర కాచుకుని కూర్చున్న మనిషికి అడుగుల చప్పుడు వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

సంచిలో చిన్న రంగుల పెట్టె ఉంది. అద్దం బిగిస్తే వెలుతురు తిరగ్గొడుతుందని బొమ్మలకు అద్దాలు పెట్టించలేదు. కాబట్టి అడ్డేమీ లేదు. కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని, వంటగది కిటికీ కింద పీట వేసింది. ఒక కోడు కాస్త పొట్టి, అది కూడా మరిచిపోలేదు. చీటీ వచ్చింది, సరిదిద్దింది. పిలిచి పీట వేశానని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

మర్నాడు ఇంకో మూడు వాక్యాలు.

'థాంక్స్. పడకగది తలుపూ దాని కొత్త గడియా చక్కగా కుదిరాయి. గడియ తీసి, తలుపు కాస్త తెరిచి ఉంటే ఇంకా బాగుంటుంది.'

పడకగది బొమ్మ మంచం వైపు నుంచి చూస్తున్నట్టు వేసింది. ఎదురుగా మూసి ఉన్న తలుపు, దానికి లోపలివైపు ఇత్తడి గడియ. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. అక్క ఎప్పుడూ తలుపు తెరుచుకునే పడుకునేది, గాలాడదని గొణిగేది. గడియను వెనక్కి జరిపినట్టు దిద్దింది. తలుపును కొంచెం లోపలికి తిప్పి, సందులో ముప్పావు అంగుళం మేర నల్లరంగు నింపింది. ఆ నలుపు అవతల నడవ ఉంది. సామాన్యంగా అయితే నడవను కూడా కొలిచి వేసేది. ఆవేళ ఎందుకో వేయబుద్ధి కాలేదు, నలుపే ఉంచేసింది.

ఆరోరోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. ఆ రోజు ఆమె నాలుగింటి దాకా ఆగలేకపోయింది. మూడింటికే గొడుగు మడుస్తూ మెట్లెక్కింది.

'గదిలో ఎవరూ లేరు. మీరు మంచం మీద కూర్చుంటే తోడుగా ఉంటుంది.'

తోడు అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ఎన్నాళ్ళయింది ఆ మాట తన గురించి ఎవరైనా అని? "ఉండు అక్కా, వస్తున్నా," అంది పైకే. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మంచం అంచున, తలుపు వైపు తిరిగి కూర్చున్న మనిషిని వేసింది. చూసేవాళ్ళకు వీపే కనబడుతుంది. నెరిసిన జడ, వంగిన భుజాలు, ఒడిలో పెట్టుకున్న చేతులు. తన బొమ్మ తను వేసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. వేశాక మనసు తేలికపడింది. ఆ గదిలో ఎవరో ఉన్నారు ఇప్పుడు.

ఆ సంతోషంలో కిందికి దిగి, తన బొమ్మలు చూడటానికి రోజూ పొద్దున్నే వస్తున్నది ఎవరని లైబ్రేరియన్ గారిని అడిగింది. మేడమెట్లు ఆయన బల్లకు ఎదురుగానే ఉంటాయి. పిల్లి ఎక్కినా ఆయనకు తెలియాల్సిందే. బాత్రూము వెతుక్కుంటూ వచ్చిన ఆ పెద్దమనిషి తర్వాత మీరూ, ఊడ్చే మనిషీ తప్ప పైకి ఎవరూ పోలేదన్నారు. ఆ ఊడ్చే మనిషికి చదువు రాదట. ఆమె పుస్తకం సంగతి చెబితే ఆయన గొంతు తగ్గించారు.

"చూడండమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పోయిన నెల ఫొటోలాయన మూడు పేజీలు తనే రాసుకున్నాడు. కాకపోతే ఆయన ఎడంచేత్తో రాశాడు."

"నేను రాయలేదండీ."

ఆయన జాలిగా చూసి, ఆమెతో పాటు పైకి వచ్చారు. పుస్తకం తీసి, గోడ మీద వంటగది బొమ్మ కింద అంటించిన పేరు కాగితం పక్కన పెట్టారు. ఆ కాగితాలన్నీ ట్రేసరమ్మ తన చేత్తో, పటాల మీద ఊళ్ళ పేర్లు రాసే పద్ధతిలో రాసినవి. నిటారు అక్షరాలు, సమానమైన ఎడం, తలకట్టు దగ్గర చిన్న నొక్కు. పుస్తకంలో రాత కూడా అదే. నొక్కుతో సహా అదే.

"అచ్చు మీ చేతిరాతే కదమ్మా," అన్నారాయన మెల్లగా. అని, ఆమెను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక కిందికి వెళ్ళిపోయారు.

అక్క రాత గుండ్రంగా, ఒకవైపు ఒరిగి ఉండేది. మూడు రోజులుగా ఈ నిటారు అక్షరాల్లో ఆ గుండ్రటి రాతను ఎలా చూసుకుందో ఆమెకే తెలియలేదు. కావాలనుకున్న కంటికి ఏదైనా కనబడుతుంది. పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివింది. పీట దగ్గర ఆగలేదు. రెండో రాత దగ్గర, కొత్త గడియ అన్న మాట దగ్గర ఆగింది.

ఆ గడియ అక్క ఉన్నప్పుడు లేదు.

అక్క పోయిన నెలకు ట్రేసరమ్మ వడ్రంగిని పిలిచి దాన్ని పెట్టించింది. ఎందుకంటే ఆ రోజుల్లో దీపం ఆర్పాక నడవలో ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. నడిచినట్టు కాదు, పిలిచినట్టు కాదు. ఊరికే నిలబడ్డట్టు. తలుపు మీద చెయ్యి ఆనించి లోపలి మాటలు వింటున్నట్టు. గడియ పెట్టాక మనసు కుదుటపడింది, మూడేళ్ళు గడిచాయి. ఆ గడియ కొత్తదని తెలిసిన ప్రాణి వడ్రంగి తప్ప లేదు. వడ్రంగి, ఆ తర్వాత... తలుపు అవతల నిలబడ్డది.

అప్పుడే కరెంటు పోయింది. కింద కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో విసుక్కోవడం, తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న అడుగులు. ఆరున్నరే అయినా మబ్బుకు గది చీకటైపోయింది. మూలనున్న కట్టల నుంచి ముక్కవాసన, తడిసిన గోడ వాసన, ఇంకా ఆరని రంగు వాసన. ఆమె ఫోను వెలుగు వేసి పడకగది బొమ్మ ముందు నిలబడింది.

సందు పెద్దదిగా ఉంది.

చీకట్లో అలా అనిపిస్తోందేమోననుకుంది. కానీ ఆమె కన్ను కొలతల కన్ను. సంచిలోంచి ఆరంగుళాల స్కేలు తీసింది. దాన్ని సందుకు ఆనించింది. ముప్పావు అంగుళం వేసిన నలుపు... ఒకటిన్నర ఉంది.

తలుపు తెరుచుకుంటోంది.

రంగుల పెట్టె తెరవబోతే మూత జారి నేల మీద పడింది. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. మట్టిరంగు, కాస్త పసుపు, కాస్త తెలుపు. తలుపు చెక్క రంగు ఆమెకు కంఠతా వచ్చు. నలుపు మీద చెక్క వేయడం మొదలుపెట్టింది. ఒక పూత వేసింది. నలుపు లోపలి నుంచి పైకి తేలింది. రెండో పూత. మళ్ళీ తేలింది. ఎవరో అవతల నుంచి తోస్తున్నట్టు... కుంచె మీద బరువు తెలుస్తోంది. మణికట్టు నొప్పి పుట్టింది. మూడో పూత... నాలుగో పూత...

"అమ్మా, ఇంక తాళం వేసేస్తాను," అని కిందినుంచి లైబ్రేరియన్ గారు పిలిచారు.

"ఒక్క నిమిషం," అంది. కుంచె ఆపలేదు.

నాలుగో పూత నిలిచింది. నలుపు పోయింది. తలుపు చెక్కకు చెక్క ఆనుకుని మూసుకుంది. ఆఖరుకు సన్న కుంచెతో గడియను గుంటలోకి జరిపి, ఇత్తడి మెరుపు కూడా దిద్దింది. ఒక్కసారిగా వాన చప్పుడు తప్ప ఏమీ లేకుండా పోయింది. నుదుటి చెమట తుడుచుకుంది. అమ్మయ్య అనుకుంది. రేపు పొద్దున్నే వచ్చి ఈ ఏడింటినీ దించేసి ఇంటికి తీసుకుపోవాలనుకుంది. ఎవరూ చూడకపోయినా పర్వాలేదు.

వెళ్ళబోతూ, పొరపాటున, ఫోను వెలుగు బల్ల మీద పడింది. పుస్తకం తెరిచే ఉంది. పెన్సిలు దారం చివర మెల్లగా ఊగుతోంది.

'తలుపు వేసినందుకు థాంక్స్. బయట చాలా చలిగా ఉండేది.'

ఆమె బొమ్మ వైపు తిరగలేదు. తిరగాల్సిన పని లేదు. వేసింది తనే కదా, లోపల ఏముందో తెలుసు. మంచం మీద తను ఉంది. గడియ లోపలివైపు ఉంది.

మెట్లు ఎలా దిగిందో గుర్తులేదు. లైబ్రేరియన్ గారు ఆమె ముఖం చూసి, వంట్లో బాగాలేదా, కాస్త కూర్చుంటారా అని అడిగారు. ఆయనకు చెప్పాలనిపించింది. చెబితే ఏమంటాడు? పాపం ఒంటరి మనిషి అంటాడు. ఆ మాట వినేకంటే చీకట్లో నడవడమే నయమనుకుంది. ఏమీ లేదండీ అని గొడుగు తీసుకుంది. ఆయన తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, తన దారిన తను వెళ్ళిపోయారు.

వీధిదీపాలు వెలగడం లేదు. ఏ ఇంట్లోనూ కరెంటు లేదు. వాననీళ్ళు చెప్పుల్లోకి చేరుతున్నాయి. దారిలో ఒకచోట ఎవరి ఇంటికైనా వెళ్ళి ఈ పూటకు పడుకుందామా అనుకుంది. ఎవరి ఇల్లు అని తడుముకుంటే ఒక్క ఇల్లు కూడా తోచలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒకే ఆఫీసులో పనిచేసింది, అరవై ఏళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంది. చెప్పాపెట్టకుండా తలుపు తట్టగలిగిన ఇల్లు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ ఆమెను అడగలేదు కాబట్టి ఆమెకూ తెలియలేదు. కాళ్ళు వాటంతట అవే ఇంటి వైపు నడిచాయి.

వీధితలుపు తాళం తీసింది. ముందుగది మామూలుగానే ఉంది. ఇల్లంతా చిక్కటి చీకటి. ఫోను కొన ఊపిరితో ఉంది, నాలుగు అడుగులు వేశాక అది కూడా ఆరిపోయింది. గోడ పట్టుకుని నడవలోకి వచ్చింది. అరవై ఏళ్ళుగా తిరిగిన నడవ. ఎన్నడూ ఇంత చలిగా లేదు.

నడవ చివర పడకగది. తలుపు మూసి ఉంది. మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు దాన్ని బార్లా తెరిచే వెళ్ళింది.

తోసింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా తోసింది. లోపలివైపు ఇత్తడి కదిలిన చిన్న చప్పుడు... అంతే. గడియ పడి ఉంది.

తలుపు కింద సన్నటి పసుపు వెలుగు గీతలా పరుచుకుని ఉంది.

పారిపోవచ్చు. వీధితలుపు వెనకాల ఇంకా తెరిచే ఉంది. కానీ మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఎవరో ఉన్నారు. ఆ ఆశ చచ్చేటంత భయంలోనూ చావలేదు. ఆమె తలుపు మీద చెయ్యి ఆనించింది. చెవి దగ్గరగా పెట్టింది.

"అక్కా..."

లోపల మంచం కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూర్చున్నారు. తర్వాత ఒక గుసగుస. ఆ గొంతు ట్రేసరమ్మకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా తన నోట్లోంచి వస్తున్న గొంతే అది.

"మాట్లాడకు అక్కా... బయట ఎవరో ఉన్నారు."

దానికి జవాబుగా, అదే గదిలో, ఇంకెవరో మెల్లగా నవ్వారు.

అది అక్క నవ్వు కాదు.